తొమ్మిది సెంట్లు ఎక్కడికి పోయాయి?

కిందటి నెల మండల సమావేశం ముగిసి అందరం లేస్తుండగా ఒక మహిళా రైతు రెండు కాగితాలు పట్టుకుని ముందుకొచ్చారు. ఒకటి పాత పట్టాదారు పాసు పుస్తకం. అందులో ఆమె పొలం 2 ఎకరాల 40 సెంట్లు. రెండోది రీసర్వే తర్వాత చేతికిచ్చిన భూమి పటం, అదే ఎల్పీఎం. అందులో 2 ఎకరాల 31 సెంట్లు. "గట్టు కదల్లేదు. పక్క పొలం వాళ్లతో తగాదా లేదు. మా మామగారి నాటి నుంచి అదే చెక్క దున్నుకుంటున్నాం. మరి ఆ తొమ్మిది సెంట్లు ఎక్కడికి పోయాయి బాబూ?" అని అడిగారు. ఆఫీసులో అడిగితే "కంప్యూటర్‌లో అలాగే వచ్చిందమ్మా" అన్నారట.

ఆ ప్రశ్నకు అక్కడున్న మాకెవరికీ వెంటనే జవాబు తోచలేదు. తొమ్మిది సెంట్లంటే 435 గజాలు. శాతంలో చెబితే నాలుగు శాతానికి లోపే. ఆఫీసు లెక్కలో అది చిన్న తేడా. ఆ కుటుంబానికి మాత్రం రేపు బ్యాంకు అప్పు, పిల్లల మధ్య పంపకం, కాలువకో రోడ్డుకో భూమి పోతే వచ్చే పరిహారం, అన్నీ ఆ కొత్త అంకె మీదే ఆధారపడతాయి.

"కంప్యూటర్‌లో అలా వచ్చింది" అనేది జవాబు కాదు. కంప్యూటర్‌లోకి ఏదీ దానంతట అది రాదు. ఏ గడిలో ఏం ఉండాలో, ఏది ఉండకూడదో ఎవరో ఒకరు ముందే నిర్ణయిస్తారు. ఆ నిర్ణయాలను ఇంజనీర్ల పనిగా వదిలేసి మనం ఇన్నాళ్లూ పాసు పుస్తకం రంగు గురించి, హద్దు రాళ్ల మీద ఎవరి బొమ్మ ఉండాలన్న దాని గురించి వాదించుకున్నాం. అసలు సంగతి ఆ డేటాబేస్ కట్టుబడిలో ఉంది. అందుకే ఈ నెల దాని గురించే మాట్లాడుకుందాం.

రెండు బీరువాలు

మన భూమి రికార్డు మొదటి నుంచీ రెండు ముక్కలు. రాత ఒకటి, గీత ఒకటి. అడంగల్, 1బి, ఆర్ఎస్ఆర్, తెలంగాణలో పహాణీ, సేత్వార్ ఇవన్నీ రాత. ఎఫ్ఎంబీ, గ్రామ పటం, తెలంగాణలో టిప్పన్ ఇవి గీత. రాత కరణం దగ్గర, ఆ తర్వాత వీఆర్వో దగ్గర ఉండేది. గీత సర్వేయర్ దగ్గర ఉండేది. రెండు బీరువాలు, రెండు తాళాలు. రెండింటినీ కలిపే దారం సర్వే నంబరు ఒక్కటే.

బ్రిటిష్ ఏలుబడిలో 66 అడుగుల గొలుసు పట్టి కొలిచారు. గొలుసుకు వంద లింకులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. నిజాం ప్రాంతంలో 33 అడుగుల చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. ఆ రోజుల్లో ఎండలో నడిచి చేసిన ఆ పనిని తక్కువ చేయలేం. ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. రాత మారుతూ పోయింది, గీత అక్కడే ఆగిపోయింది. అన్నదమ్ములు పంచుకున్నారు, అవసరానికి ఎకరం అమ్ముకున్నారు, రిజిస్ట్రేషన్లు జరిగాయి, 1బిలో పేర్లు మారాయి. ఒక సర్వే నంబరు కాస్తా నాలుగు ముక్కలయింది. ఆ ముక్కల మధ్య గీతను కొలిచి ఎఫ్ఎంబీలో ఎక్కించిన ఊళ్లు ఎన్ని? మన ఊళ్లలో చాలా సబ్‌డివిజన్లు కాగితం మీద అంకెలే తప్ప పటంలో గీతలు కావు.

కంప్యూటర్లు వచ్చినప్పుడు కూడా ముందు ఎక్కించింది రాతనే. భూ రికార్డుల ఆధునికీకరణ జాతీయ కార్యక్రమం 2008లో మొదలైంది. ఆంధ్రలో వెబ్‌ల్యాండ్ వచ్చింది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. రెండూ ప్రధానంగా పేర్ల పట్టికలు, అంకెల పట్టికలు. పట్టికకు 2 ఎకరాల 40 సెంట్లు అంటే ఒక అంకె మాత్రమే. ఆ అంకె ఊరికి తూర్పున ఉందా, పడమర ఉందా, పక్కవాడి అంకె మీద పడిందా అన్నది దానికి తెలియదు. పది ఎకరాల సర్వే నంబరులో ముక్కలన్నీ కలిపితే పదకొండు ఎకరాలు వచ్చినా అది ఎక్కడ ఎక్కువైందో చూపించలేదు.

దీనివల్ల జరిగే నష్టం మనకు బాగా తెలిసినదే. సర్వే నంబరులో ఇరవై సెంట్లు ప్రభుత్వానిదో దేవాలయానిదో అయితే, ఆ నంబరు మొత్తాన్ని 22ఏ నిషేధిత జాబితాలో పెట్టేస్తారు. పట్టికకు ఆ ఇరవై సెంట్లు ఏ మూలన ఉన్నాయో తెలియదు కాబట్టి నంబరుకే తాళం వేస్తుంది. మిగతా రైతులు కూతురి పెళ్లికి అరెకరం అమ్ముకోవాలన్నా కలెక్టరేట్ చుట్టూ తిరగాలి.

గీత తెలిసిన పుస్తకం

ఆంధ్రలో 2020 డిసెంబరు 21న కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వే ఉద్దేశం ఈ రెండు బీరువాలను ఒకటి చేయడం. అలా చేసినదాన్ని స్పేషియల్ డేటాబేస్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే గీత తెలిసిన లెక్కల పుస్తకం.

అందులోనూ పట్టిక ఉంటుంది. ఒక్కో పొలానికి ఒక్కో వరుస. వరుసలో నంబరు, పేరు, నేల రకం వంటి గడులు. వీటితో పాటు ఒక ప్రత్యేకమైన గడి ఉంటుంది. అందులో పొలం ఆకారం ఉంటుంది. ఆకారాలు మూడు రకాలు. బోరు బావి, హద్దు రాయి లాంటివి చుక్కలు. కాలువ, డొంక, కరెంటు లైను లాంటివి గీతలు. పొలం, చెరువు, అడవి లాంటివి చుట్టూ మూసుకున్న ఆకారాలు. పొలం ఆకారమంటే దాని మూలల వరుస. ప్రతి మూలకూ అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. ఒక మూలతో మొదలుపెట్టి గట్టు వెంట తిరిగి మళ్లీ అదే మూలకు చేరాలి.

ఇక్కడే మొదటి సంగతి గమనించాలి. ఈ పుస్తకంలో విస్తీర్ణం ఎవరూ టైపు చేయనక్కర్లేదు. మూలల నుంచి కంప్యూటరే లెక్క కడుతుంది. అంటే ఇప్పుడు ప్రతి పొలానికీ రెండు విస్తీర్ణాలు ఉన్నాయి. పాత రాతలో ఉన్నది ఒకటి, కొత్త గీత నుంచి వచ్చినది ఒకటి. నిజాయితీగా కట్టిన డేటాబేస్ ఈ రెండింటినీ రెండు గడుల్లో పక్కపక్కన ఉంచుతుంది. తేడా ఎంతో, ఎందుకో మూడో గడిలో రాస్తుంది. చేతులు దులుపుకునే డేటాబేస్ పాత అంకెను చెరిపి కొత్తది పెడుతుంది. ఆ మహిళా రైతు చేతిలోని కాగితంలో జరిగింది రెండోది. 2.40 ఎందుకు 2.31 అయిందో చెప్పే గడి ఆ కాగితం మీద లేదు.

భూమి ఆవిరి కాదు. తొమ్మిది సెంట్లు తగ్గాయంటే మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉండాలి. పాత అంకె మొదటి నుంచే తప్పై ఉండాలి. లేదా చుట్టూ ఉన్న పొలాల్లో ఏదో ఒకటి పెరిగి ఉండాలి. లేదా డొంకకో కాలువకో ఆ మేరకు కలిసి ఉండాలి. ఇందులో ఏది జరిగిందో తేల్చాలంటే ఒక్క పొలం పటం చూస్తే చాలదు. చుట్టూ ఉన్న నాలుగు పొలాల ఆకారాలూ, దారి గీతా పక్కపక్కన పెట్టి చూడాలి. రైతు చేతికి మాత్రం ఒక్క పొలం పటమే ఇస్తున్నారు.

గట్టు ఒక్కటే, గీతలు రెండు

రెండు పొలాల మధ్య గట్టు ఒక్కటే. మరి డేటాబేస్‌లో ఆ గట్టును ఎన్నిసార్లు రాయాలి?

ఒక పద్ధతిలో ప్రతి పొలాన్నీ విడివిడిగా గీస్తారు. అప్పుడు మధ్య గట్టు రెండుసార్లు పడుతుంది, నా పొలం హద్దుగా ఒకసారి, మీ పొలం హద్దుగా ఒకసారి. గీసేటప్పుడు చేయి కాస్త అటూ ఇటూ అయినా రెండు గీతలు కలవవు. ఒకచోట రెండు పొలాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. మరోచోట ఎవరికీ చెందని సన్నటి చీలిక మిగులుతుంది. ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఒక రైతు గీతను సవరిస్తే రెండో రైతు గీత అలాగే ఉంటుంది. ఆయనకు తెలియను కూడా తెలియదు. పదేళ్ల తర్వాత ఎవరో ఒకరు అమ్మబోయినప్పుడు తగాదా బయటపడుతుంది.

రెండో పద్ధతిలో గట్టును ఒక్కసారే రాస్తారు. దానికి ఎడమ పక్క ఏ పొలం, కుడి పక్క ఏ పొలం అని రెండు గడులు పెడతారు. గట్టు జరిగితే రెండు పొలాలూ ఒకేసారి మారతాయి. ఒకరికి పెరిగినంత మరొకరికి తగ్గుతుంది. కాబట్టి ఇద్దరికీ చెప్పకుండా గీత మార్చడం కుదరదని నిబంధన పెట్టడం తేలిక. హద్దుదారుల సమక్షంలో కొలవాలని మన పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు ఇదే కదా. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం కూడా హద్దు నిర్ణయించే ముందు, నిర్ణయించాక సంబంధితులకు నోటీసులు ఇవ్వాలంటుంది. ఈ పాత న్యాయాన్ని కొత్త డేటాబేస్ కట్టుబడిలోకి ఎక్కించమనే మనం అడుగుతున్నాం.

ఇది ఖర్చుతో కూడిన పనేమీ కాదు. పోస్ట్‌జీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2001 నుంచి ఉంది. ఈ ఊళ్లో ఒకదాని మీద ఒకటి పడిన పొలాలు ఏవి, మధ్యలో చీలికలు ఎక్కడ ఉన్నాయి అని అలాంటి సాఫ్ట్‌వేర్‌ను అడిగితే జాబితా తీసి ఇస్తుంది. ఆ జాబితాను గ్రామసభలో చదవడానికి అడ్డేమిటి?

యంత్రం కొలుస్తుంది, చూపేది మనిషి

రీసర్వేలో డ్రోన్లు వాడారు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లు వాడారు. తేడా సెంటీమీటర్లలోనే ఉంటుందని అధికారులు చెబుతారు. యంత్రం వరకు ఆ మాట నిజమే. అయితే రోవర్ కర్ర నిలిపిన చోటును సెంటీమీటర్ తేడా లేకుండా చెప్పగలదు గానీ, కర్ర ఎక్కడ నిలపాలో చెప్పలేదు. అది చెప్పేది మనిషి. ఆ రోజు రైతు ఊళ్లో లేకపోతే, వలస వెళ్లి ఉంటే, నోటీసు అందకపోతే, మూల చూపేది ఎవరు?

డ్రోన్ ఫొటో సంగతీ అంతే. గట్టు మీద చింతచెట్టో, తాటిచెట్ల వరసో, కంపచెట్లో ఉంటే పై నుంచి గట్టు కనపడదు. ఆఫీసులో కూర్చుని గీసే ఆపరేటర్ చెట్టు నీడ అంచునే గట్టు అనుకోవచ్చు. లెక్క వేసి చూద్దాం. 2 ఎకరాల 40 సెంట్ల పొలం నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 323 అడుగులు. ఒక వైపు గీత పన్నెండు అడుగులు లోపలికి జరిగితే పోయేది దాదాపు తొమ్మిది సెంట్లు. చింతచెట్టు కొమ్మలు పన్నెండు అడుగులు పరుచుకోవడం వింత కాదు. ఆ మహిళా రైతు పొలంలో ఇదే జరిగిందని మేం అనడం లేదు. జరిగిందో లేదో తెలుసుకునే గడి డేటాబేస్‌లో ఉండాలంటున్నాం. ప్రతి మూల పక్కనా అది రోవర్‌తో కొలిచిందా, ఫొటో చూసి గీసిందా, పాత పటం నుంచి ఎత్తి రాసిందా, చూపించింది ఎవరు, ఏ తేదీన అన్నది ఉండాలి.

పాత పటాల నుంచి ఎత్తి రాయడంలో ఇంకో చిక్కు ఉంది. పాత గ్రామ పటాలకు అక్షాంశ రేఖాంశాలు లేవు. వాటిని ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టాలంటే రబ్బరు గుడ్డలా అటూ ఇటూ సాగదీయాలి. గుడి దగ్గర, చెరువు కట్ట దగ్గర సరిగ్గా కూర్చున్నా నడుమ పొలాలు పక్కకు జరగవచ్చు. కొలతలకు వాడే మండలాల తేడా కూడా తోడవుతుంది. దేశాన్ని నిలువు పట్టీలుగా విడదీసి ఒక్కో పట్టీకి ఒక్కో లెక్క వాడతారు. 78 డిగ్రీల రేఖాంశానికి పడమరనున్న అనంతపురం, హిందూపురం, ఆదోని, జహీరాబాద్ 43వ పట్టీలో పడతాయి. దానికి తూర్పున ఉన్న మన ప్రాంతాల్లో చాలా భాగం 44వ పట్టీలో ఉంటుంది. ఈ గడి తప్పుగా నింపితే ఒక ఊరు పొలాలు మరెక్కడో తేలతాయి. ఊరంతా పోతే ఎవరైనా కనిపెడతారు. పది అడుగులు జరిగితేనే ఎవరికీ కనపడదు, అసలు భయం అక్కడే.

పెట్టె తాకితే పొలం తాకినట్టు కాదు

స్పేషియల్ డేటాబేస్ బలం పొరల్లో ఉంది. పొలాల పొర మీద కాలువల పొర, దాని మీద అడవి పొర, రోడ్ల పొర వేసి ఎవరి పొలం దేనికి తగులుతోందో క్షణంలో చెబుతుంది. లక్షల పొలాలను ఒక్కొక్కటే చూడకుండా వెతకడానికి 1984లో ఆంటొనిన్ గట్‌మన్ అనే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉంది. ప్రతి పొలం చుట్టూ ఒక నలుచదరపు పెట్టె ఊహిస్తారు. దగ్గర దగ్గరి పెట్టెలను పెద్ద పెట్టెలో, వాటిని ఇంకా పెద్ద పెట్టెలో పెడతారు. జిల్లా, మండలం, ఊరు అనుకుంటూ ఇంటికి చేరినట్టు వెతుకుతారు.

ఈ పెట్టె తొలి జల్లెడ మాత్రమే. వంకర తిరిగిన పొలం చుట్టూ పెట్టె గీస్తే అందులో పక్కవాడి మూల కూడా పడుతుంది. పెట్టె తగిలాక అసలు ఆకారం తగిలిందో లేదో మళ్లీ చూడాలి. ఆ రెండో మెట్టు ఎక్కకుండా జాబితా తీస్తే తగలని పొలాలు కూడా తగిలినట్టు వస్తాయి. భూసేకరణకో, అటవీ హద్దుకో మీ పొలం పేరు జాబితాలో వస్తే "ఏ మూల, ఎన్ని సెంట్లు తగిలింది, పటం మీద చూపించండి" అని అడగండి. సరిగ్గా కట్టిన డేటాబేస్‌కు ఆ జవాబు చెప్పడం నిమిషం పని. 22ఏ విషయంలోనూ మనకు ఇదే ఆయుధం. ఇప్పుడు గీత ఉంది కాబట్టి ఆ ఇరవై సెంట్లకే తాళం వేయండి, మిగతాది వదిలేయండి అని గట్టిగా అడగాలి. గీత తెలిసిన పుస్తకాన్ని సంఘం ఎందుకు కాదనదో దీన్నిబట్టే తెలుస్తుంది. మనకు కావలసింది ఆ పుస్తకం మన లెక్క కూడా సరిగ్గా చెప్పడం.

చెరిపేస్తే సాక్ష్యం పోతుంది

పాత రిజిస్టరులో పేరు మారితే ఎర్ర సిరాతో కొట్టివేసి పక్కన కొత్త పేరు, తేదీ, సంతకం పెట్టేవారు. కొట్టివేసిన పేరు కూడా చదవడానికి వీలుండేది. కోర్టులో అదే సాక్ష్యం. డేటాబేస్‌లో పాతది చెరిపి కొత్తది రాస్తే పాతదానికి జాడ ఉండదు. పాత వరుసను చెరపకుండా "ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు" అని రెండు గడులు పెట్టి, కొత్త వరుస కిందే చేర్చే పద్ధతి ఉంది. ఎవరి లాగిన్ నుంచి, ఏ ఉత్తర్వు మీద మార్చారో కూడా నిలుస్తుంది.

నంబర్ల మార్పు ఇందులో భాగమే. రీసర్వే ఊళ్లలో సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీఎం నంబర్లు వచ్చాయి. దేశమంతటా పొలానికి 14 అంకెల భూ ఆధార్ నంబరు ఇస్తున్నారు. మన దస్తావేజుల్లో, ఈసీల్లో, బ్యాంకు తనఖాల్లో మాత్రం పాత నంబర్లే ఉన్నాయి. ఒక పాత నంబరు ఆరు కొత్త నంబర్లు కావచ్చు, ఆరు పాతవి ఒక్క కొత్తది కావచ్చు. హద్దు తేలని చోట కొందరు రైతుల భూమిని కలిపి ఉమ్మడి ఎల్పీఎం ఇచ్చారు. రాతలో విడిగా ఉన్న రైతులను గీతలో ఒకే గూటిలో కట్టేశారన్నమాట. పాత నంబరుకూ కొత్త నంబరుకూ మధ్య వంతెన పట్టిక ప్రతి ఊళ్లో గోడ మీద ఉండాలి.

తెలంగాణ అనుభవం మనందరికీ పాఠం. ధరణి వచ్చినప్పుడు పహాణీలో ఉండిన అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. ఒక గడి తీసేయడం ప్రోగ్రామర్‌కు చిన్న పని. ఆ గడి మీద బతికిన కౌలు రైతులు, సాదా బైనామాతో కొనుక్కున్న పేదలు రికార్డులో కనపడకుండా పోయారు. తప్పు దొర్లితే సరిచేసే అధికారం మొదట్లో తహసీల్దారుకు లేక, చిన్న అక్షర దోషానికి కూడా కలెక్టర్ దాకా, కోర్టు దాకా తిరిగారు. 2025లో భూభారతి చట్టం తెచ్చి కట్టుబడి మార్చాల్సి వచ్చింది. ఆంధ్రలో భూ యాజమాన్య హక్కుల చట్టాన్ని 2024లో రద్దు చేశారు. మంచిదే. అయితే చట్టం రద్దయినంత మాత్రాన డేటాబేస్‌లో పడిన గీతలు రద్దు కావు. ప్రభుత్వాలు మారతాయి, పథకాల పేర్లు మారతాయి, గీత మాత్రం ఉండిపోతుంది.

ఒక గడి, ఒక పేరు

డేటాబేస్‌లో పొలం వరుసలోనే యజమాని పేరు అని ఒకే గడి పెడితే అందులో ఒక పేరే పడుతుంది. భార్యాభర్తల ఉమ్మడి భూమి, అక్కచెల్లెళ్ల వాటా, పోడు సాగు, కౌలు సాగు ఆ గడిలో ఇమడవు. ఇది సాంకేతిక సమస్య కాదు. 2012లో వచ్చిన ఐఎస్ఓ 19152 అనే అంతర్జాతీయ ప్రమాణం దీనికి దారి చూపింది. మనుషుల పట్టిక వేరు, చోట్ల పట్టిక వేరు, మధ్యలో హక్కుల పట్టిక వేరు. ఒకే పొలం మీద ఎందరికైనా, ఏ రకం హక్కైనా, ఎంత వాటా, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అని రాయవచ్చు. రాతకోతల్లేని సాగు హక్కులను కూడా నమోదు చేసే నమూనాను ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ ముందుకు తెచ్చింది.

మన దగ్గర 2011 చట్టం సాగుదారు కార్డు ఇచ్చింది, 2019 చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రం ఇచ్చింది, అదీ యజమాని సంతకం పెడితేనే. ఇప్పుడు కేంద్రం 2024 సెప్టెంబరులో 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్ ఆమోదించింది. అందులోని అగ్రిస్టాక్‌కు మూడు కాళ్లు. రైతుల పట్టిక, పటాల పట్టిక, ఏ పొలంలో ఏ పంట వేశారన్న పట్టిక. పంట నమోదుకు వచ్చినవారు ఫోన్ పట్టుకుని పొలంలో నిలబడి ఫొటో తీస్తారు. పటంలో గీత పది అడుగులు పక్కన ఉంటే గట్టు దగ్గర తీసిన మీ వరి ఫొటో పక్కవాడి వరుసలో పడుతుంది. రైతుల పట్టికలో యజమాని పేరే ఉంటే కౌలుదారు పండించిన పంట యజమాని పేరున పడుతుంది. ఆ తర్వాత కొనుగోలు కేంద్రం, బీమా, నష్టపరిహారం, పంట రుణం అన్నీ ఆ వరుసనే చూస్తాయి. గీతలో దొర్లిన తప్పు గీత దగ్గరే ఆగదు.

మనం అడుగుతున్నవి

1. ప్రతి భూమి పటం మీద పాత విస్తీర్ణం, కొత్త విస్తీర్ణం, తేడాకు కారణం మూడూ ముద్రించాలి. పక్క పొలాల హద్దులు కూడా అదే కాగితం మీద కనపడాలి.

2. ఉమ్మడి గట్టును ఒక్కసారే నమోదు చేయాలి. ఇద్దరు హద్దుదారులకూ నోటీసు ఇచ్చి వినకుండా ఏ గీతా మార్చకూడదు. ఒకదాని మీద ఒకటి పడిన పొలాల జాబితా, చీలికల జాబితా గ్రామసభలో పెట్టాలి.

3. ప్రతి మూల ఎలా వచ్చింది, ఎవరు చూపారు అన్నది రికార్డులో ఉండాలి.

4. పాత వరుసలు చెరపకూడదు. మార్పు చేసిన తేదీ, అధికారి, ఉత్తర్వు నంబరు రైతుకు కనపడాలి. పాత, కొత్త నంబర్ల వంతెన పట్టిక ప్రతి సచివాలయం గోడ మీద ఉండాలి.

5. 22ఏ తాళం అసలు వివాదంలో ఉన్న ముక్కకే వేయాలి.

6. హక్కుల పట్టిక విడిగా ఉండాలి. కౌలు రైతులు, మహిళలు, పోడు సాగుదారులు అందులో ఉండాలి. యజమాని సంతకం లేదని సాగు చేసేవారి పేరు వదిలేయకూడదు.

7. తప్పుల సవరణ మండలంలోనే, ఉచితంగా, గడువులోగా జరగాలి. తేలేవరకు పాత విస్తీర్ణం మీదే అప్పు, బీమా ఇవ్వాలి.

8. ఆధార్, ఫోన్ నంబర్లు పటంతో కలిపి బయటివారికి ఇవ్వకూడదు. కంపెనీలకు ఏ పట్టిక ఇచ్చినా రైతు ఒప్పుకోలు ఉండాలి.

మనం చేయాల్సింది

ఈ నెలలో ప్రతి గ్రామ కమిటీ ఒక రోజు కేటాయించాలి. రైతులంతా పాత పాసు పుస్తకం, దస్తావేజు, కొత్త భూమి పటం పట్టుకుని ఒకచోట చేరాలి. పటంలో మూలలు లెక్కపెట్టండి, పొలంలో ఉన్న మూలలతో పోల్చండి. పక్క పొలాల వారిని పిలిచి ఇద్దరి పటాలు కలిపి పెట్టి ఉమ్మడి గట్టు కొలత రెండింటిలో ఒకటేనా చూడండి. ఒకే పాత సర్వే నంబరులోని రైతులందరి కొత్త విస్తీర్ణాలు కూడండి, పాత మొత్తంతో సరిపోతుందా చూడండి. తేడా వస్తే విడివిడిగా కాకుండా అందరూ కలిసి ఒకే అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. తుది నోటిఫికేషన్ తర్వాత కోర్టుకు వెళ్లడానికి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయవద్దు. చదువుకున్న పిల్లలను వెంట తీసుకురండి. సంఘం తరఫున ఆ రోజు ఒకరు మీ ఊరికి వస్తారు.

ఆ మహిళా రైతు కోసం మేం ఆమె చుట్టూ ఉన్న నాలుగు పొలాల పటాలు అడుగుతూ అర్జీ పెట్టించాం. హద్దుదారులు నలుగురూ సంతకం చేశారు. జవాబు ఇంకా రాలేదు. వచ్చిన రోజు ఆ తొమ్మిది సెంట్లు ఎక్కడ తేలాయో ఇక్కడే రాస్తాం. ఈలోగా మీ ఊళ్లో ఎన్ని సెంట్లు ఇలా దారి తప్పాయో లెక్క తీసి మాకు పంపండి. ఊరి లెక్కలన్నీ ఒకచోట చేరితే "కంప్యూటర్‌లో అలాగే వచ్చింది" అనే మాట ఆఫీసుల్లో చెల్లదు.